గుర్రం గొంతుకు శస్త్రం.. పల్లె ఎద్దుకు సురక!

* పందెపు గుర్రాల కోసం ఎదిగిన విజ్ఞానం పాడి, కాడి పశువుకూ పనికివస్తుంది
* కరవు సీమకు ముందుగా చేరవలసింది ఖరీదైన కత్తి కాదు, తొలి 24 గంటల జాగ్రత్త

కంబదూరు: తొలకరి కురిసి నేల పదునెక్కిన నాలుగైదు రోజుల్లోనే వేరుశనగ విత్తు పడాలి. ఆ అదనులో కాడెద్దు మోకాలు వాచి కూలబడితే రైతుకు మిగిలే దారులు రెండే. ట్రాక్టరుకు బాడుగ చెల్లించడం ఒకటి, ఆ ఏటి పంటపై సగం ఆశ వదులుకోవడం రెండవది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే కురిసే అనంతపురం జిల్లాలో పశువు కాలు కుంటడం పశువైద్యానికి మాత్రమే సంబంధించిన సంగతి కాదు. అది ఆ కుటుంబం ఏడాది బతుకుకు సంబంధించిన సంగతి.

సరిగ్గా ఇటువంటి కీలు కోసమే, ఇటువంటి వాపు కోసమే ప్రపంచంలోని పశువైద్య విశ్వవిద్యాలయాలు అరశతాబ్దికి పైగా పరిశోధనలు సాగిస్తున్నవి. అయితే ఆ బల్లపై పడుకున్నది ఎద్దు కాదు, పందెపు గుర్రం. దాని గొంతులోని పక్షవాతాన్ని సరిచేయడానికి, మోకాలిలో విరిగిన ఎముక ముక్కను పెన్సిలుకన్నా సన్నని గొట్టంతో తీయడానికి నేడు మార్గాలున్నవి. ఖరీదైన జంతువు గనుక ఖరీదైన పరిశోధన జరిగింది. ఆ పరిశోధనలో పల్లె పశువుకు పనికివచ్చేదెంత, పనికిరానిదెంత, వచ్చేదైనా ఇక్కడికి చేరకపోవడానికి అడ్డేమిటి అన్నది పరిశీలించవలసిన విషయం.

గుర్రాలు తగ్గినా సమస్య తగ్గలేదు

కల్యాణదుర్గం, కంబదూరు ప్రాంతాల్లో జట్కాబండ్ల కాలం ఏనాడో గడచిపోయింది. నేడు గుర్రం కనిపించేది పెళ్ళి ఊరేగింపుల్లో, జాతరల్లోనే. బరువులు మోసే గాడిదలు కూడా నానాటికీ అరుదవుతున్నవి. 2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశంలో గుర్రాలు, తట్టులు కలిపి 3.4 లక్షలు మాత్రమే ఉన్నవి. 2012 గణనలో అవి 6.25 లక్షలు. అదే వ్యవధిలో గాడిదలు 3.2 లక్షల నుంచి 1.2 లక్షలకు పడిపోయినవి. అంటే వంద గాడిదలకు అరవైకి పైగా కనుమరుగైనవి.

అయినా గుర్రాల శస్త్రచికిత్స ఈ ప్రాంతానికి పూర్తిగా పరాయి విషయం కాదు. కంబదూరును ఆనుకొని ఉన్న పావగడ తాలూకా కర్ణాటకలోని తుమకూరు జిల్లాలోనిది. టిప్పు సుల్తాన్ కాలం నుంచి పేరుపొందిన కుణిగల్ అశ్వశాల ఆ జిల్లాలోనే ఉన్నది. ఒకనాడు యుద్ధాశ్వాలను పెంచిన ఆ నేలలో 20వ శతాబ్దిలో పందెపు గుర్రాలు పుట్టి పెరిగినవి. ఇటు మన వైపు హైదరాబాద్ మలక్‌పేట రేసుకోర్సు ఉన్నది. గుర్రాల జబ్బులపై పరిశోధనకు 1985లో హర్యానాలోని హిసార్‌లో జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఏర్పడింది. విజ్ఞానం దేశంలో లేకపోలేదు. అది ఏ జంతువు వరకు వచ్చి ఆగిపోయిందన్నదే ప్రశ్న.

గొంతులో జరిగేదేమిటి?

గుర్రం నోటితో ఊపిరి పీల్చలేదు. ముక్కుతోనే పీల్చాలి. పరుగెత్తేటప్పుడు ఆ గాలి అంతా స్వరపేటిక అనే ఇరుకు ద్వారం గుండా సాగిపోవాలి. ఆ ద్వారానికి ఇరువైపులా రెండు మృదులాస్థి రెక్కలుంటాయి. ఊపిరి పీల్చినప్పుడల్లా అవి తలుపుల వలె తెరుచుకోవాలి. కొన్ని గుర్రాల్లో ఎడమ తలుపు తెరుచుకోదు. వేగం పెరిగే కొద్దీ గాలి ఆ వాలిన రెక్కకు తగిలి, గర్జన వంటి చప్పుడు వస్తుంది. ఆంగ్లేయులు దీనికి 'రోరింగ్' అని పేరు పెట్టారు. గాలి చాలక గుర్రం పందెంలో వెనుకబడుతుంది.

ఈ జబ్బు దాదాపు ఎప్పుడూ ఎడమ వైపుననే రావడానికి కారణం నాడి నిర్మాణంలో ఉన్నది. స్వరపేటికను కదిలించే నాడి మెదడు నుంచి నేరుగా గొంతుకు రాదు. ఎడమ నాడి మెడ పొడవునా ఛాతీలోకి దిగి, గుండె నుంచి వెలువడే మహాధమనిని చుట్టి, తిరిగి మెడ మీదుగా గొంతుకు ఎక్కుతుంది. పొడవైన గుర్రంలో ఈ దారి రెండు మీటర్లకు మించుతుంది. అంత దీర్ఘమైన నాడి చివరలు క్రమంగా క్షీణించి, తలుపును తెరిచే కండరం ఎండిపోతుంది. ఎత్తైన గుర్రాల్లో ఈ జబ్బు ఎక్కువ. పొట్టి తట్టుల్లో అరుదు. జన్యు పరిశోధనలు కూడా ఎత్తుకు, ఈ జబ్బుకు సంబంధమున్నదని సూచించినవి.

చికిత్సల చరిత్ర పాతదే. 19వ శతాబ్దిలో ఐరోపా నగరాల్లో బండి లాగే గుర్రాలకు మెడకు రంధ్రం చేసి, లోహపు గొట్టం అమర్చి పని చేయించేవారు. 20వ శతాబ్ది తొలి దశకంలో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో విలియమ్స్ అనే పశువైద్యుడు స్వరపేటిక పక్కనున్న చిన్న సంచి పొరను తొలగించే పద్ధతిని రూపొందించాడు. ఇంగ్లండులో ఫ్రెడరిక్ హాబ్డే దానిని ప్రచారంలోకి తెచ్చాడు. దానితో చప్పుడు తగ్గినా, ఊపిరి మార్గం తగినంత విశాలం కాలేదు.

1970లో మార్క్స్, ఆయన సహచరులు మరో మార్గం చూపారు. పనిచేయని కండరానికి బదులుగా గట్టి దారంతో ఆ రెక్కను వెనక్కి లాగి శాశ్వతంగా కట్టివేయడమే ఆ పద్ధతి. దీనినే 'టై-బ్యాక్' అంటారు. నేటికీ ఇదే ప్రధాన చికిత్స. అయితే తలుపు ఎప్పుడూ తెరిచి ఉండడం వల్ల మేత, నీరు ఊపిరితిత్తుల వైపు జారి దగ్గు రావచ్చు. కాలక్రమంలో దారం సడలవచ్చు. అందుకే ఫ్రాన్స్, అమెరికా, ఆస్ట్రేలియాల్లో పరిశోధకులు మెడలోని మరో నాడిని తెచ్చి, ఎండిపోయిన కండరంలో నాటి తిరిగి జీవం పోసే ప్రయత్నాలు చేశారు. గుర్రాన్ని పడుకోబెట్టకుండా, మత్తుమందుతో నిలబెట్టి ఉంచే శస్త్రచికిత్స చేసే పద్ధతి కూడా వచ్చింది. గుర్రం పరుగెత్తుతుండగానే గొంతులోకి చూసే కెమెరాలు వచ్చినవి.

పశువు గురక వేరు, గుర్రం గురక వేరు

ఇక్కడ రైతులు తప్పక గమనించవలసిన భేదమొకటి ఉన్నది. పల్లెల్లో 'గురక వ్యాధి' అంటే పశువులకు, గేదెలకు వచ్చే గొంతువాపు. అది సూక్ష్మజీవి వల్ల కలిగే అంటువ్యాధి. తీవ్ర జ్వరం, గొంతు కింద వాపు, గురకతో మొదలై ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం తీస్తుంది. దానికి శస్త్రచికిత్స మార్గం కాదు. వర్షాకాలానికి ముందే టీకా వేయించడమే మార్గం. జబ్బు కనిపించిన గంటల్లో వైద్యం అందకపోతే పశువు దక్కదు. గుర్రపు 'రోరింగ్' అంటురోగం కాదు, జ్వరం ఉండదు, వెంటనే ప్రాణాపాయమూ కాదు.

తట్టులకు, గాడిదలకు గొంతు జబ్బులు లేవనుకోరాదు. దవడ కింద గ్రంథులు వాచి చీము పట్టే 'స్ట్రాంగిల్స్' అనే అంటువ్యాధి వాటికి వస్తుంది. వాపు పెరిగి శ్వాసనాళాన్ని నొక్కితే ఊపిరాడక చనిపోతుంది. అటువంటి వేళ మెడ మధ్యభాగంలో శ్వాసనాళానికి రంధ్రం చేసి గొట్టం అమర్చితే ప్రాణం నిలుస్తుంది. దానికి విశ్వవిద్యాలయపు కెమెరాలు అక్కరలేదు. శిక్షణ పొందిన పశువైద్యుడు, ఒక చిన్న కత్తి, శుభ్రమైన గొట్టం, కాస్త స్థానిక మత్తుమందు ఉంటే జంతువును నిలబెట్టే చేయవచ్చు. గుర్రాల గొంతు శస్త్రచికిత్సలన్నింటిలో పల్లెకు మొదట అక్కరకు వచ్చేది ఇదే.

ముక్కు నుంచి చీము కారే గుర్రాన్ని, గాడిదను చూసి ఎవరో ఒకరు వాపును కోయడం మాత్రం అపాయకరం. అది 'గ్లాండర్స్' అయ్యే అవకాశమున్నది. ఆ జబ్బు మనుషులకు సోకుతుంది, ప్రాణాంతకం కూడా. 1899 నాటికే దానికి ప్రత్యేక చట్టం వచ్చిందంటే దాని తీవ్రత అర్థమవుతుంది. రక్తపరీక్ష తర్వాతే ఏ చర్యయినా చేపట్టాలి.

కీలులోకి చూపు

గుర్రం కీళ్ళ శస్త్రచికిత్సలో పెద్ద మలుపు ఆర్థ్రోస్కోపీ. దాని మూలం మానవ వైద్యంలో ఉన్నది. 1918లో టోక్యోలో కెంజి తకాగి మూత్రాశయాన్ని పరీక్షించే గొట్టంతో ఒక మృతదేహపు మోకాలి లోపల చూశాడు. ఆ ఆలోచనే దశాబ్దాల తర్వాత గుర్రాలకు చేరింది. అమెరికాలోని కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన వేన్ మెకిల్‌రైత్ 1980లలో గుర్రాల ఆర్థ్రోస్కోపీకి శాస్త్రీయ రూపం ఇచ్చినవారిలో ముఖ్యుడు. పూర్వం కీలును పొడవుగా కోసి తెరిచేవారు. ఇప్పుడు నాలుగు మిల్లీమీటర్ల గొట్టాన్ని ఒక చిన్న రంధ్రం గుండా, పరికరాన్ని మరో రంధ్రం గుండా పంపి, తెరపై చూస్తూ విరిగిన ముక్కలను తొలగిస్తారు.

పందెపు గుర్రానికి ముంగాలి మోకాలు, గిట్టకు పైనున్న కీలు ఎక్కువగా దెబ్బతింటాయి. ఎదిగే వయసులో మృదులాస్థి సరిగా ఎముకగా మారక ఊడిపోయే జబ్బు కూడా ఉన్నది. ముక్కను త్వరగా తీసివేస్తే మిగిలిన మృదులాస్థి అరగకుండా ఉంటుంది. ఆలస్యమైతే అరుగుదల మొదలవుతుంది. అరిగిన మృదులాస్థి తిరిగి మునుపటి వలె పెరగదు.

ఈ పరిశోధనల ఫలం మళ్ళీ మనిషికే చేరడం విశేషం. గుర్రం మోకాలి మృదులాస్థి మందం మనిషి మోకాలికి చాలా దగ్గరగా ఉంటుంది. క్రీడాకారుల మోకాళ్ళకు చేసే, ఎముకలో సన్నని రంధ్రాలు వేసి కొత్త కణజాలం పుట్టించే పద్ధతిని 1990లలో గుర్రాలపై క్షుణ్ణంగా పరీక్షించారు. మనిషి నుంచి గుర్రానికి, గుర్రం నుంచి మనిషికి విద్య ప్రయాణించింది. ఎద్దుకు, దూడకు, గాడిదకు మాత్రం ఆ ప్రయాణం సాగలేదు.

నిజానికి అక్కడికి వెళ్ళవలసింది కెమెరా కాదు, దాని వెనుకనున్న సూత్రం. కంపచెట్టు ముల్లు గుచ్చుకొనో, ఇనుప ముళ్ళతీగ గీరుకొనో కీలు వరకు గాయమైతే, లోపలి జిగురు ద్రవంలోకి సూక్ష్మజీవులు చేరుతాయి. పైకి చిన్న రంధ్రంగానే కనిపిస్తుంది. లోపల మాత్రం గంటగంటకూ మృదులాస్థి కరిగిపోతూ ఉంటుంది. తొలి 24 గంటల్లో కీలును లీటర్ల కొద్దీ శుభ్రమైన సెలైన్‌తో కడిగి, తగిన యాంటీబయాటిక్ ఇస్తే నిలిచే అవకాశం ఎక్కువ. మూడు నాలుగు రోజులు గడిస్తే అవకాశం వేగంగా సన్నగిల్లుతుంది. ఇది గుర్రాల ఆసుపత్రుల అనుభవం నేర్పిన పాఠం. కెమెరా లేనిచోట రెండు లావుపాటి సూదులతో, ఒకదాని నుంచి సెలైన్ పంపి మరొకదాని నుంచి బయటికి రానిచ్చి కడగవచ్చు. ఎద్దుకైనా, గాడిదకైనా సూత్రం ఒక్కటే.

అప్పుడే పుట్టిన పిల్లల సంగతి మరీ ముఖ్యం. బొడ్డు ద్వారా సూక్ష్మజీవులు రక్తంలో చేరి కీళ్ళలో స్థిరపడితే గుర్రపు పిల్లకైనా, దూడకైనా, గొర్రెపిల్లకైనా కీళ్ళు వాస్తాయి. గుర్రపు పిల్లలలో ఇది ఎన్నో ప్రాణాలు తీసే జబ్బు. నివారణ మాత్రం చౌక. పుట్టగానే బొడ్డును టింక్చర్ అయోడిన్‌లో ముంచడం, తొలి కొద్ది గంటల్లోనే జున్నుపాలు కడుపు నిండా తాగించడం. వ్యాధినిరోధక శక్తి పిల్లకు చేరేది ఆ పాలతోనే. ఒక రోజు గడిచాక తాగినా పేగు ఆ శక్తిని గ్రహించలేదు. గొర్రెల పెంపకంపై వేల కుటుంబాలు ఆధారపడిన ఈ జిల్లాలో ఈ ఒక్క మాట ఇంటింటికీ చేరడం ఎంతో మేలు.

కత్తికీ హద్దులున్నవి

శస్త్రచికిత్స ఉన్నంత మాత్రాన ప్రతి గుర్రమూ బతకదు. 1975లో అమెరికాలో రఫియన్ అనే పందెపు ఆడగుర్రం కాలు విరిగింది. వైద్యులు శస్త్రచికిత్స చేశారు. మత్తు దిగుతుండగా అది పరుగెత్తుతున్నట్లే కాళ్ళు కొట్టుకొని, కట్టిన కాలును మళ్ళీ విరుచుకున్నది. దానికి కరుణామరణం తప్పలేదు. ఆ తర్వాత గుర్రాలు నీటి తొట్టెల్లో తేలుతూ మేల్కొనే ఏర్పాట్లకు ప్రాధాన్యం వచ్చింది.

2006 మే నెలలో బార్బరో అనే ప్రసిద్ధ గుర్రం పందెం మొదట్లోనే వెనుక కాలు విరుచుకున్నది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో డీన్ రిచర్డ్‌సన్ బృందం లోహపు పలకతో, 27 మరలతో దానిని బిగించింది. ఎముక అతుక్కుంటున్న దశలోనే మిగిలిన కాళ్ళపై భారం పడి గిట్టల లోపలి పొర చెడిపోయింది. ఎనిమిది నెలల పోరాటం తర్వాత 2007 జనవరి 29న దానికీ కరుణామరణమే గతి అయింది. ప్రపంచంలోని ఉత్తమ వైద్యం, అపార ధనం ఉన్నచోట కూడా ఫలితమిది. సుమారు ఐదు వందల కిలోల జంతువు మూడు కాళ్ళపై నెలల తరబడి నిలవలేదు.

పూర్తి మత్తు ఇవ్వడమే గుర్రానికి ఒక పరీక్ష. 2002లో ప్రచురితమైన విస్తృత అంతర్జాతీయ అధ్యయనం ప్రకారం, కడుపునొప్పి కేసులను మినహాయించినా, మత్తుమందు ఇచ్చిన గుర్రాల్లో దాదాపు నూటికి ఒకటి వారం రోజుల్లోపు చనిపోయింది. మనుషులలో ఈ ప్రమాదం దానికన్నా ఎన్నో రెట్లు తక్కువ. అందుకే నిలబెట్టి చేసే పద్ధతులపై పరిశోధకుల దృష్టి మళ్ళింది. పరికరాలు తక్కువగా ఉన్న గ్రామీణ వైద్యానికి అక్కరకు వచ్చేది కూడా ఆ దిశయే.

సురకలు వేస్తే కుంటు పోతుందా?

పల్లెల్లో పశువు కుంటితే నేటికీ మొదట గుర్తుకు వచ్చేది కాల్చిన కడ్డీ. వాచిన కీలుపై, భుజంపై సురకలు వేస్తే నొప్పి 'లాగేస్తుందని' నమ్మకం. ఇది మన వద్దనే ఉన్న ఆచారం కాదు. ఇంగ్లండులోని రేసు గుర్రాలకు కూడా శతాబ్దాల తరబడి కాళ్ళపై వాతలు పెట్టారు. 1983లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దెబ్బతిన్న స్నాయువులపై దానిని పరీక్షించి, వాతల వల్ల మేలు జరగలేదని తేల్చారు. వాత తిన్న గుర్రం కోలుకున్నట్లు కనిపించడానికి, ఆ తర్వాత దానికి లభించే దీర్ఘ విశ్రాంతియే కారణమని వైద్యుల అభిప్రాయం.

ఎద్దు విషయంలోనూ అంతే. సురక వేసిన పశువును కొన్నాళ్ళు కాడికి కట్టరు. ఆ విశ్రాంతితో తగ్గితే పేరు సురకకు వస్తుంది. కీలులో చీము ఉన్నప్పుడు మాత్రం సురక రెండు విధాల నష్టం. కాలిన పుండు మరో దారి తెరుస్తుంది. విలువైన తొలి రోజులు గడిచిపోతాయి. తొడ, జబ్బ ఉబ్బి నొక్కితే కిరకిరమని చప్పుడు చేసే 'జబ్బవాపు'ను కుంటుగా భావించి సురకలు వేయడం మరింత ప్రమాదం. అది సకాలంలో టీకాతో నివారించవలసిన ప్రాణాంతక వ్యాధి.

మందుల దుకాణంలో నొప్పి సూది కొని వేయించడం మరో అలవాటు. పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని 2006లో, కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్‌లను 2023లో కేంద్రం నిషేధించింది. ఆ మందు ఒంట్లో ఉండగా చనిపోయిన పశువుల కళేబరాలు తిని రాబందులు అంతరించే స్థితికి రావడమే కారణం. మెలాక్సికమ్ వంటి సురక్షితమైన మందులున్నవి. ఏదైనా జబ్బు తెలియకుండా నొప్పి అణచివేస్తే, చెడిన కీలుపైనే పశువు బరువు మోపుతుంది.

ఎద్దులు చెప్పిన నిజం

కీళ్ళ జబ్బు అంటే ప్రతిసారీ గాయం కాదు. ఈ సంగతిని దేశానికి తెలియజేసింది తెలుగు నేల ఎద్దులే. 1930లలో నాటి మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాల్లో కాడెద్దులు కీళ్ళు బిగుసుకుపోయి నడవలేకపోవడాన్ని రైతులు గమనించారు. 1937లో షార్ట్, ఆయన సహచరులు నెల్లూరు జిల్లా ప్రజలలో అదే వ్యాధిని వర్ణిస్తూ పరిశోధన పత్రం ప్రచురించారు. కారణం తాగునీటిలోని ఫ్లోరైడ్. పశువు కుంటును నాడే తీవ్రంగా తీసుకొని ఉంటే మనిషి జబ్బు ముందే బయటపడేది.

అనంతపురం జిల్లాకు ఈ చరిత్ర పరాయిది కాదు. 1990ల మధ్యలో శ్రీ సత్యసాయి తాగునీటి పథకం జిల్లాలోని 731 గ్రామాలకు నీరు అందించే లక్ష్యంతో చేపట్టడానికి ఫ్లోరైడ్ బెడద కూడా ఒక కారణం. మనుషులకు కుళాయి నీరు వచ్చినా, చాలాచోట్ల పశువుల తొట్టికి బోరు నీరే ఆధారం. బోరు లోతుకు వెళ్ళే కొద్దీ ఫ్లోరైడ్ ముప్పు పెరిగే అవకాశమున్నది. ఒకే ఊరిలో అనేక పశువులు గాయం లేకుండా కుంటుతూ ఉంటే, లేగల పళ్ళపై గోధుమరంగు చారలు కనిపిస్తే, కత్తి వైపు చూడరాదు. నీటి పరీక్ష చేయించాలి. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములను గరిష్ఠ పరిమితిగా భారత ప్రమాణాలు నిర్ణయించినవి. ఎముకపై చేరిన ఫ్లోరైడ్‌ను తొలగించే శస్త్రచికిత్స లేదు.

నాడు వర్తకుల కుటిలం, నేడు దూరభారం

అశ్వవైద్యం మన నేలకు కొత్త కాదు. శాలిహోత్రుని పేరిట ప్రాచీన శాస్త్రం ఉన్నది. తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణ విలాసమును రచించాడు. విజయనగర ప్రభువులు ఏటా 13,000 హోర్ముజ్ గుర్రాలను కొనేవారని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. సాళువ నరసింహుడు సముద్రంలో చనిపోయిన గుర్రానికి కూడా తోక చూపితే వెల చెల్లించేవాడని ఆయనే తెలిపాడు. తళ్ళికోట యుద్ధం తర్వాత ఆ రాజ్యానికి రాజధాని అయిన పెనుకొండ, పాత అనంతపురం జిల్లాలోనిదే.

అంత వెలపెట్టి తెచ్చిన గుర్రాలు దక్షిణాదిలో ఎందుకు నిలవలేదన్న ప్రశ్నకు 13వ శతాబ్ది చివర పాండ్యదేశాన్ని చూసిన మార్కోపోలో ఒక కారణం చెప్పాడు. గుర్రాలు అమ్మే వర్తకులు అశ్వవైద్యులను వెంట తీసుకురారు, ఎవరినీ రానివ్వరు. గుర్రాలు చచ్చిపోతేనే మళ్ళీ కొంటారన్నది వారి ఎత్తుగడ. నాడు విద్యను వర్తకులు అడ్డగించారు. నేడు ఎవరూ అడ్డగించడం లేదు. కాని దూరం, ఆలస్యం, సమాచార లోపం అదే పని చేస్తున్నవి.

కంబదూరు రైతు తన పశువుకు పెద్ద శస్త్రచికిత్స చేయించాలంటే తిరుపతి, ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలలో, కర్ణాటకలోని బెంగళూరు కళాశాలో దిక్కు. ఏ దారిన వెళ్ళినా గంటల ప్రయాణం, లారీ బాడుగ. ఒక్కొక్కసారి బాడుగే పశువు విలువలో పెద్ద భాగమవుతుంది. పందెపు గుర్రం యజమాని ఆ లెక్క చూడనవసరం లేదు. గాడిదపై బతికే కుటుంబం చూడక తప్పదు.

ఏమి చేయవలసి ఉన్నది?

రాష్ట్రంలో 2022 మే 19న నియోజకవర్గానికి ఒకటి చొప్పున 175 సంచార పశువైద్య వాహనాలను 1962 నంబరుతో ప్రారంభించారు. 2023లో మరికొన్ని వాహనాలు చేరినవి. వెయ్యి కిలోల వరకు బరువున్న పశువును పైకెత్తి ఎక్కించే ఏర్పాటు వాటిలో ఉన్నది. అంటే ఎద్దు, గుర్రం రెండింటినీ తరలించడానికి సరిపోతుంది. ఈ ఏర్పాటు కీళ్ళ గాయాలకు, ఊపిరాడని పశువులకు నిజంగా ఉపయోగపడాలంటే కొన్ని చర్యలు అవసరం.

మొదటిది, కీలుపై ఎంత చిన్న గాయమైనా అత్యవసర కేసుగా పరిగణించాలి. రైతు ఫోను చేసిన రోజే కీలు కడగడానికి సెలైన్, సూదులు వాహనంలో సిద్ధంగా ఉండాలి. రెండవది, శ్వాసనాళానికి గొట్టం అమర్చే సామగ్రి, దానిపై పునశ్చరణ శిక్షణ ప్రతి మండల పశువైద్యునికి అందాలి. మూడవది, 2005లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం నిపుణులు వేసవిలో, అంటే దుక్కుల పని మొదలుకాక ముందే, కల్యాణదుర్గం వంటి కేంద్రాల్లో కుంటు పశువులకు శిబిరాలు నిర్వహించాలి. విద్యార్థులకు అభ్యాసం, రైతుకు వైద్యం రెండూ దక్కుతాయి. నాలుగవది, ఫోనులో పంపిన చిన్న వీడియో చూసి, ఈ పశువును తరలించాలా, ఇక్కడే కాపాడవచ్చా అని చెప్పే నిపుణుని సలహా అందాలి. ఆ ఒక్క మాట రైతుకు వృథా బాడుగను తప్పిస్తుంది.

శస్త్రచికిత్స చేయడానికి చట్టప్రకారం అర్హత రిజిస్టరైన పశువైద్యునికే ఉన్నది. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం డిప్లొమా సిబ్బందికి వైద్యుని పర్యవేక్షణలో చిన్నపాటి సేవలకే అనుమతిస్తున్నది. కాని గాయాన్ని గుర్తించడం, శుభ్రమైన గుడ్డ కట్టడం, బొడ్డుకు అయోడిన్ పూయడం, వెంటనే 1962కు చెప్పడం ఎవరైనా చేయవచ్చు. గ్రామాల్లోని పశుసంవర్ధక సహాయకులు ఈ నాలుగు మాటలను రచ్చబండ వద్ద చెప్పినా సగం మేలు జరిగినట్లే.

గుర్రం గొంతులో దారం కట్టే విద్య కంబదూరుకు రానక్కరలేదు. ఇక్కడి తట్టుకు ఆ జబ్బే అరుదు. మోకాలిలోకి కెమెరా పంపే విద్య కూడా నేడే రాకపోవచ్చు. ఆ పరిశోధనలన్నీ చెప్పిన ఉమ్మడి సంగతి మాత్రం రేపటి తొలకరికి ముందే రావాలి. కీలు చెడేది నెలల్లో కాదు, గంటల్లో. వచ్చే ఖరీఫ్ దుక్కులు మొదలయ్యేలోగా మండలాల వారీగా కుంటు పశువుల పరీక్షలు, తొట్లలోని నీటి పరీక్షలు చేపట్టే విషయమై జిల్లా పశుసంవర్ధక శాఖ దృష్టి సారించవలసిన అవసరమున్నది.